నీళ్లకు కాపలా కాస్తూ రాసిన కథ

ఒక్క కథ రాయబోయి నేను పక్కవాళ్ల మడిని ఎలా ముంచేశానో చెబుతాను. ముంచేశానంటే మాటవరసకి అంటున్నాననుకునేరు. నిజంగానే, జానెడు నీళ్లలో ముంచాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. పిల్లలు హాస్టళ్లకు వెళ్లాక నాకు కథలు రాయాలనిపించింది. అది జబ్బు కాదు. జబ్బేమిటంటే, రాసినంతసేపూ ఎవరో వెనక నిలబడి "ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఇదేం పనే నీకు" అంటున్నట్టుండేది. నిజానికి ఎవరూ అనలేదు. మా ఆయన పట్టించుకునేవారు కాదు. మా అత్తయ్యగారికి టీవీ ఉంటే చాలు. అనేది నేనే. రాసింది ఎవరూ చదవకపోతే ఆ పొద్దంతా గంగలో కలిసినట్టే కదా అని ఒకటే బెంగ. ఆ బెంగతో ఎన్నోసార్లు సగం రాసిన కథని వదిలేసి వెళ్లి, శుభ్రంగా ఉన్న బీరువానే మళ్లీ సర్దాను.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. రాయడానికని ఎప్పుడూ కూర్చోకూడదు. వేరే పని మీద కూర్చుని, పనిలో పనిగా ఫోనులో రాసుకోవాలి. పప్పు ఉడికేలోపు నాలుగు లైన్లు, గ్యాస్ బండి వచ్చేలోపు ఒక పేరా. అలాగైతే పొద్దు వృథా చేసినట్టు కాదు, కథ ఊరికే వచ్చినట్టు. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. ఎన్ని గిన్నెలు మాడాయో మాత్రం తోముకున్న నాకే తెలుసు.

మాది నిడదవోలు దగ్గర పల్లెటూరు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ నీళ్లు చాలవు కాబట్టి రైతులు వంతులు వేసుకుంటారు. మన వంతు వచ్చినప్పుడు బోదె అనే పిల్లకాలవ నుంచి చేలోకి నీళ్లు పెట్టుకుని, గట్టు చుట్టూ తిరుగుతూ ఉండాలి. గట్లకి ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. చిన్న బొరియే కదా అని వదిలేస్తే నీళ్ల ఉరవడికి గండి పడుతుంది. అందుకే ఎక్కడ కారుతుంటే అక్కడ బురద కుక్కాలి. కాపలా అంటే అదే.

ఆ రోజు వంతు మాది. మా ఆయన సామర్లకోటలో గృహప్రవేశానికి వెళ్తూ, పక్కన వీర్రాజు బాబాయ్‌గారి మడి జాగ్రత్త అని మరీ చెప్పి వెళ్లారు. వీర్రాజుగారు మాకు వరసకి బాబాయ్. భార్య పోయాక ఒక్కరే వ్యవసాయం చేసుకుంటున్నారు. ఆయన మొదట చల్లిన విత్తనం వానకి పోయింది. మళ్లీ విత్తనాలు నానబెట్టి, మండె కట్టి, మొలకెత్తిన గింజల్ని ముందు రోజే చల్లుకున్నారు. ఆ మొలక వేరు పట్టేదాకా మడిలో నీళ్లు నిలవకూడదు.

నేను బోదె తెరిచి, గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుని ఫోను తీశాను. కథలో ఒక తల్లి జోరువానలో రైల్వేస్టేషన్లో నిలబడి ఉంది. అలిగి వెళ్లిపోయిన కూతురు ఆ రైల్లో వస్తుందో రాదో తెలియదు. వాన గురించి రాస్తున్నానా, నీళ్ల చప్పుడు నిజంగా వినిపించడం మొదలైంది. ఇంకో లైను రాశాను, ఇంకా గట్టిగా వినిపించింది. ఆహా, ఎంత బాగా రాస్తున్నాను, చెవులకు వినపడుతోంది కూడా అనుకున్నాను. మీరే చెప్పండి, ఇంతకంటే పొగరు ఉంటుందా?

"అమ్మాయ్, నీళ్లు నా మడిలోకి పెట్టావేంటి?"

తల ఎత్తేసరికి వీర్రాజు బాబాయ్‌గారు. గొంతులో కోపం కూడా లేదు. గట్టు తెగి నీళ్లన్నీ ఆయన మడిలోకి దూకుతున్నాయి. మొలకలన్నీ తేలి, నురగతో పాటు ఒక మూలకి చేరాయి. నేను చీర ఎగదోపి గండిలోకి దిగాను, ఇద్దరం బురద వేసి పూడ్చాం. ఆయన వంగి ఆ మొలకల్ని దోసిట్లోకి తీసుకుని, కాసేపు చూసి వదిలేశారు. నాకు ఏడుపొచ్చింది. నా భయం నిజమేనని రుజువైపోయింది. రాయడం నా ఒక్కదాని పొద్దే కాదు, ఇంకొకరి పంట కూడా తినేసింది. అక్కడే నిలబడి, ఇక జన్మలో రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

అదృష్టం కొద్దీ, మా చేలో మొక్కలు చచ్చిన చోట నాటడానికని మేం ఉంచుకున్న నారు మిగిలి ఉంది. మర్నాడు దాన్ని తీసి ఆయన మడిలో నాటడానికి మా ఆయనా నేనూ దిగాం. బాబాయ్‌గారు కట్టలు అందిస్తూ, అంత దీక్షగా ఫోనులో ఏం చేస్తున్నావని అడిగారు. సిగ్గుతో చచ్చిపోతూ కథ అని చెప్పాను. ఏం కథ అన్నారు. తలొంచుకుని నాటుతూ, స్టేషన్ దాకా చెప్పి ఆపాను.

"మరి కూతురు దిగిందా?"

"ఇంకా రాయలేదండి. ఇక రాయను. నా మూలంగా మీకు ఇంత నష్టం జరిగింది."

ఆయన నాకు అందించబోతున్న కట్టను వెనక్కి తీసుకున్నారు.

"అదేంటమ్మా. నా మొలక ఎలాగూ పోయింది. ఆ కథ కూడా ఆపేస్తే ఉత్త పుణ్యానికి పోయినట్టు కాదా? కూర్చుని రాయి. వచ్చే వంతుకి మీ నీళ్లు నేను చూస్తాను."

ఇన్నాళ్లూ ఆ పొద్దు వృథా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. దానివల్ల నిజంగా నష్టపోయిన ఒకే ఒక్క మనిషి, దాన్ని వృథా చేయొద్దంటున్నాడు. ఆ బురదలో నిలబడి ఇంకోసారి ఏడ్చాను. ఈసారి ఎందుకో మా ఆయనకు అర్థం కాలేదు.

అన్నట్టే తర్వాతి వంతుకి ఆయన పార పట్టుకుని మా గట్టు చుట్టూ తిరిగారు. నేను ఇంట్లో తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, పొయ్యి మీద ఏమీ పెట్టకుండా, పట్టపగలు, అందరికీ కనబడేలా కూర్చుని రాశాను. వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు. పూర్తి చేసి ఆయనకు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

"కూతురు దిగుతుందని నాకు ముందే తెలుసమ్మా. దీనికా నా మడి మునిగింది?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన పార భుజాన వేసుకుని లేచారు. "పర్లేదు, ఇంకోటి రాయి. ఈసారి నాకు ముందే తెలియకుండా రాయి. నీళ్లు నేను చూస్తాలే."

కాబట్టి పాఠకులారా, గోదారి కాలవ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కథ రాసేటప్పుడు ఇక ఏ పనీ ముట్టుకోను. ఆ సమయంలో ఎవరైనా పని చెబితే, పక్క రైతుల క్షేమం కోరి, వినపడనట్టే ఉంటాను.