సొరుగు నిండితేనే కేబుల్

మా షెడ్డుకి ఎవరు కొత్తగా వచ్చినా ముందు నా సొరుగులే చూపిస్తాను. ఇంజన్లు తర్వాత. ఇంజన్లు ఆటోనగర్‌లో ఏ షెడ్డులోనైనా ఉంటాయి. ఇలాంటి సొరుగులు ఇంకోచోట చూపించమనండి చూద్దాం. గొప్పలు చెప్పుకుంటున్నానని మా ఆయన నవ్వుతారు. చెప్పుకుంటాను. నా చేత్తో చేసినవి, నేను కాకపోతే ఎవరు చెప్తారు?

మాది చేపల బోట్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డు. మా ఆయన, ఒక పెద్ద మేస్త్రి, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు. నాది సబ్బవరం దగ్గర కూరగాయలు పండించే కుటుంబం. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఇంజనుకి ముందేదో వెనకేదో తెలియదు. షెడ్డుకి కారియర్ పట్టుకెళ్లడం, ఫోన్లు ఎత్తడం, అలా మొదలైంది నా ఉద్యోగం. అక్కడ కూర్చుని రోజూ చూసిందేమిటంటే, మగవాళ్లు పనిచేసే దానికన్నా వెతికేది ఎక్కువ. పానాలు, సుత్తులు, ఆకురాళ్లు, పటకార్లు అన్నీ కలిపి సగానికి కోసిన ఒక డ్రమ్ములో పోసేవారు. పానా కావాలంటే ఒకరు మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలకాలి, ఇంకొకరు పక్కన నిలబడి తిట్టాలి. ఆ గలగలకి నాకు తలపోటు వచ్చేది. నాకసలే ఓపిక తక్కువ. ఒకరోజు "ఈ డ్రమ్ము నాకొదిలెయ్యండి" అన్నాను మా ఆయనతో. వేళాకోళం అనుకున్నారు.

పాత ఓడల సామాన్లు అమ్మే కొట్లో ఒక ఇనప సొరుగుల బీరువా దొరికింది. ఏ ఓడలోదో, ఆకుపచ్చ రంగు పెచ్చులూడి ఉంది. ఓడ ఊగినప్పుడు సొరుగులు వాటంతటవే జారి రాకుండా చేశారేమో, ఒక్కొక్కటీ కాస్త పైకెత్తి లాగితేనే వస్తుంది. కొత్తవాళ్లు తెలియక పట్టుకుని గుంజుతుంటే చూడడం నాకిప్పటికీ సరదా.

తర్వాత పాతూర్లో చెప్పులు తయారుచేసే ఒకాయన దగ్గర రబ్బరు షీట్లు తెచ్చాను, కొన్ని ఎర్రవి, కొన్ని నీలంవి. సొరుగు అడుగున ఎరుపు పరిచాను. దాని మీద నీలం పరిచి, ఒక్కో పానానీ ఆ నీలం మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్నుతో గీసి, బ్లేడుతో ఆ ఆకారం కోసేశాను. పానా తన గుంటలో ఉంటే పానా కనిపిస్తుంది. లేకపోతే అడుగునున్న ఎరుపు కనిపిస్తుంది. చదువు రానివాడికైనా, కళ్లజోడు ఇంట్లో మరిచినవాడికైనా ఏది లేదో దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ కోతల్లో నా వేళ్లూ తెగాయి. ఇంటికెళ్లి పులుసులో కారం కలుపుతుంటే ప్రాణం పోయేది.

మా ఆయన చిన్నా పెద్దా వరసలో పెట్టమన్నారు. అలా పెడితే చూడడానికి బాగుంటుంది, పనికి బాగోదు. ఇంజను విప్పుతుంటే నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏ పానా తర్వాత చెయ్యి దేనికోసం చాపుతారో చూసి, ఆ వరసలోనే సర్దాను. ఇంజను పైభాగానికి వాడేవి పై సొరుగులో, అడుగుభాగానికి వాడేవి అడుగు సొరుగులో. ఇప్పుడు పక్క షెడ్లవాళ్లు వచ్చి ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్తుంటారు. తీసుకోనిస్తాను, కానీ వరస ఎందుకలా పెట్టానో మాత్రం చెప్పను. ఇంత చేసిన దాన్ని కదా, మా ఇంట్లో జీలకర్ర డబ్బాలో ఆవాలుంటాయి, ఆవాల డబ్బాలో సేఫ్టీ పిన్నులుంటాయి. మా అత్తగారు ఆ మాట వచ్చినవాళ్లందరికీ చెప్తారు.

పెద్ద మేస్త్రిది పాతూరు. వాళ్ల నాన్నగారూ బోటు మెకానిక్కే. నేను ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. మొదటిసారి నా సొరుగు తెరిచి చూసి, "ఏటమ్మా ఇది, పోపుల పెట్టా? ఇందులో జీలకర్రెక్కడుంది?" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల మండింది. ఆయనది ఎడమచేతి వాటం. ఎవరికీ చెప్పకుండా, ఆయన ఎక్కువగా వాడే పానాల గుంటలకి వేలు దూరే సందు ఎడమవైపు కోసిపెట్టాను. కొన్నాళ్లకి ఆయన గమనించారు. ఆ తర్వాత ఆయన పానాని నేల మీద వదిలెయ్యడం నేను చూడలేదు.

ఒక్కదానికి మాత్రం ఆయన మనసు ఒప్పుకోలేదు. అది నా కేబుల్ రూలు. ఇంజను బిగించాక షెడ్డులోనే ఒకసారి స్టార్ట్ చేసి చూస్తాం. అందుకు బ్యాటరీ నుంచి ఒక లావుపాటి కేబుల్ వెయ్యాలి. ఆ కేబుల్‌ని నేను అడుగు సొరుగుకీ కిందనున్న చిన్న సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కొంగున ఉంటుంది. మిగతా సొరుగులన్నీ నిండితేనే కేబుల్ బయటికి వస్తుంది. ఒక్క ఎర్ర గుంట కనిపించినా రాదు. లేని సామాను ఇంజను లోపలే ఉండిపోయి ఉండొచ్చు కదా. దానితో స్టార్ట్ చేస్తే, షెడ్డులోనే పగిలిందా అదృష్టం, నడిసముద్రంలో పగిలితే బోటులో ఉన్నవాళ్ల గతి ఏమిటి? మేస్త్రికి ఇది అవమానంగా ఉండేది. "నా సేతిలో అలాటి పని జరగదమ్మా" అనేవారు. నిజంగానే జరగలేదు. సొరుగులు ఎప్పుడూ నిండే ఉండేవి కాబట్టి మా ఇద్దరికీ మాటామాటా రాలేదు, ఆ రోజు వరకు.

వేసవిలో సముద్రం మీద వేట నిషేధం ఉన్నన్నాళ్లూ మాకు ఊపిరాడదు. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఇంజన్లన్నీ మా మీద పడతాయి. ఆ ఏడు నిషేధం మర్నాటితో ముగుస్తుందనగా ఒక్క ఇంజను మిగిలింది. దాని బోటు యజమాని పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. వెంట వాళ్ల నాన్న. వయసు మీద పడి వేట మానేసిన మనిషి, అయినా ఊరికే కూర్చోలేక వల తెచ్చుకున్నాడు. గుమ్మం పక్క నీడలో చతికిలబడి, వల నీళ్లలో దిగడానికి దాని అడుగు తాడుకి సీసం గుళ్లు కట్టుకుంటున్నాడు.

చీకటి పడకముందే ఆ ఇంజను హార్బరు చేరాలి. దాన్ని బోటులోకి దించే క్రేను ఆ సాయంత్రం దాటితే దొరకదు. చేరకపోతే మర్నాడు అందరి బోట్లూ కదిలిపోతాయి, వీళ్లదొక్కటే జెట్టీకి కట్టేసి ఉంటుంది. ఇన్నాళ్లూ వేట లేక బిగపట్టుకుని బతికిన ఇల్లు. మొదటి వేట పోయిందంటే ఆ ఇంట్లో ఏడుపే.

భోజనాలయ్యాక ఇంజను మూతలన్నీ పడ్డాయి. నూనె పోశారు. మేస్త్రి చేతులు తుడుచుకుని "అమ్మా, కేబులు" అన్నారు. నేను సొరుగులు ఒక్కొక్కటే ఎత్తి లాగి చూసుకుంటూ వచ్చాను. గోటీల సొరుగులో ఎర్రగా ఒక గుంట. గోటీ అంటే నట్టు మీద టోపీలా కూర్చుని దాన్ని తిప్పే ఇనపముక్క, మధ్యలో కన్నం ఉంటుంది. చిన్నది. ఇంజనులో ఎక్కడైనా దూరి కూర్చోగలదు.

"బాబాయ్, ఒక గోటీ లేదు."

"ఎక్కడో పడుంటాది. కొత్తది తెప్పిద్దాం. కేబులియ్యి."

"అది దొరికాకే ఇత్తాను."

ఆయన ముఖం జేవురించింది. "అంటే ఏటమ్మా? నాను గోటీని లోపలొదిలేసి మూత బిగించీసానంటావా? మా నాన్న కాణ్నుంచీ ఇదే పని సేత్తన్నాం. మా ఇజ్జతేటో పాతూర్లో ఎవర్నైనా అడుగు."

"నానలా అన్లేదు బాబాయ్. గుంట కాళీగా ఉందంటన్నాను, అంతే."

షెడ్డంతా గాలించాం. బల్లల కింద, చెత్తడబ్బాలో, గుడ్డపీలికల్లో, అందరి జేబుల్లో. దొరకలేదు. బోటు యజమాని లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అప్పా, నీ కాళ్లకి దండమెడతాను. పొద్దు వాలిపోతంది. మా కలాసీలందరూ హార్బర్లో కూకోని సూత్తన్నారు. ఒక్క ఇనపముక్క కోసం మా బోటాపేత్తావా?"

"నీ బోటు కోసమే ఆపుతన్నాను తమ్ముడూ."

"తీరా ఇప్పితే లోపల్లేకపోతే?"

"లేదని తెలుత్తాది కదా."

మా ఆయన ఆ రోజు హార్బరులో వేరే ఇంజను బిగిస్తున్నారు. మేస్త్రి ఆయనకి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, నా మీద చెప్పుకున్నారు. "సొరుగులు ఆవిడివి బాబాయ్, నన్నడక్కు" అని మా ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ మాట విని నా ఒళ్లు పొంగిపోయింది. కానీ నేను పొరబడితే ఒక ఇంటి మొదటి వేట నా మూలంగా పోతుంది, వాళ్లు జన్మలో నన్ను క్షమించరు.

మేస్త్రి చేతిలో గుడ్డ విసిరికొట్టారు. "సరే, ఇప్పుతాను. లోపలేటీ లేదనుకో, ఈ సొరుగులు అట్టుకెల్లి సముద్రంలో పారేత్తాను."

పోసిన నూనె మళ్లీ శుభ్రమైన టబ్బులోకి దించారు. అడుగు మూత విప్పారు. టార్చి వేసి చూశారు, చెయ్యి పెట్టి మూలమూలా తడిమారు, నూనె కూడా వడగట్టారు. ఏమీ లేదు. "సూసావా అప్పా?" అని యజమాని తల పట్టుకుని కూలబడ్డాడు. మేస్త్రి నన్ను నాలుగు మాటలు అంటారనుకుని తల దించుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. ఇంజను వైపే చూస్తున్నారు. తనలో తను అనుకున్నట్టు, "పొద్దున్న ఆ గాలి గొట్టం కాసేపు తెరిసుంచాను, అందులోకి గానీ జారిందేటో" అన్నారు. అని మళ్లీ పానా అందుకున్నారు.

యజమానికి విసుగొచ్చి వాళ్ల నాన్నని కేకేశాడు. "లెగు నాన్నా. ఆ వలైనా లారీలో ఏద్దాం." ముసలాయన లేచి వలని సిమెంటు నేల మీద ఈడ్చుకుంటూ బయల్దేరాడు. సీసం గుళ్లు డుబుడుబుమంటూ మెత్తగా దొర్లుతున్నాయి. వాటి మధ్యలోంచి ఒక్కటి ఖంగున మోగింది. నేను రోజూ వినే చప్పుడు. నా గోటీని బల్ల మీద పెట్టినప్పుడు అచ్చం అలాగే మోగుతుంది.

"ఆగండాగండి!" అని అరిచి వల మీద పడ్డాను. అడుగు తాడు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. సీసం, సీసం, సీసం, ఆ తర్వాత నా గోటీ. దాని కన్నంలోంచి నైలాను దారం దూర్చి, తాడుకి ముడి మీద ముడి వేసి, పెద్ద తుఫానొచ్చినా ఊడనంత గట్టిగా కట్టి ఉంది.

పొద్దున్న పనివాడు గోటీలు డీజిల్లో కడిగి గుమ్మం దగ్గర గోనె మీద ఆరబెట్టాడు. ఒకటి దొర్లి ముసలాయన గుళ్ల దగ్గరికి చేరింది.

"ఓలమ్మా!" అన్నాడు ముసలాయన నోటి మీద చెయ్యేసుకుని. "ఓ గుండు తక్కువైందమ్మా. సూత్తే పక్కనే ఇది కనపడింది. కన్నముంది, బరువుంది. ఆటోనగర్లో ఇనపముక్కలకేటి కరువని కట్టీసాను."

మొదట నవ్వింది మేస్త్రే. తర్వాత షెడ్డంతా నవ్వింది. యజమానికి మాత్రం తండ్రిని తిట్టాలో, నవ్వాలో తెలియలేదు. ముసలాయన కత్తితో దారం తెంపి, గోటీని పంచెకి తుడిచి, "దీనిల్లెక్కడమ్మా?" అని అడిగాడు. సొరుగు లాగి చూపించాను. తనే గుంటలో పెట్టాడు. ఎరుపు పోయింది.

ఆ తర్వాత మేస్త్రి పని చేసిన తీరు చూసి తీరాలి. ఎడమచెయ్యి వెనక్కి వెళ్లేది, కళ్లు ఇంజను మీదే ఉండేవి, చెయ్యి కావలసిన పానాతోనే తిరిగొచ్చేది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఆ వరస నేను పెట్టిందని, ఆ సందులు నేను కోసినవని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. మూత పడింది, నూనె పోశారు. ఎండ అప్పటికి ఏటవాలుగా షెడ్డు లోపలికి వచ్చేసింది. నేను ఉండబట్టలేక చిన్న సొరుగు తాళం తీసి, కేబుల్ పట్టుకుని పరుగున వెళ్లాను.

"ఇదిగో బాబాయ్."

ఆయన తీసుకోలేదు. "ఏటమ్మా, సొరుగులు సూసావా?"

చూడలేదు. గోటీ దొరికిన సంబరంలో చూడడం మరిచిపోయాను. వెనక్కి వెళ్లి లాగాను. అడుగు సొరుగులో ఎర్రగా ఒక గుంట. మేస్త్రి చొక్కా జేబులోంచి పానా తీశారు, మూత బిగించిన హడావుడిలో అందులో వేసుకున్నది. దాన్ని తెచ్చి గుంటలో పెట్టారు. తర్వాత పై సొరుగు నుంచి కింద సొరుగు దాకా ఒక్కొక్కటీ తనే ఎత్తి లాగి, చూసి, మూశారు. అప్పుడు మేస్త్రి నా వైపు చెయ్యి చాపారు.

"ఇప్పుడియ్యి."

ఇంజను మొదటిసారికే అందుకుంది. పొద్దుండగానే లారీ ఎక్కింది. మర్నాడు అన్ని బోట్లతో పాటే ఆ బోటూ వేటకి వెళ్లింది. లారీ కదలబోతుంటే యజమాని తల బయటపెట్టి, "ఏటి బావా, ఓ గోటీ కోసం ఇంత కట్టుదిట్టమా?" అని మేస్త్రిని అడిగాడు.

"మా పోపుల పెట్టంతే బావా" అన్నారు మేస్త్రి. "ఇందులోది ఏదీ పోదు."

ఆయన 'మా' అన్నారు. నేను తాళంచెవిని మళ్లీ కొంగున ముడేసుకున్నాను.