తరగతి గదిలో నాయనమ్మ పేరు

సహోదరీ సహోదరులారా, ఎనభైల చివర్లో నేను ఈ పరాయి దేశంలో టూవూంబా అనే ఊళ్లో కాలేజీ పిల్లలకు అమెరికన్ సాహిత్యం చెప్పేవాణ్ణి, నా బల్ల సొరుగులో పుస్తకాల వెనకాల విస్కీ సీసా ఉండేది, క్లాసుకు ముందు ఒక గుక్కతో మొదలైన అలవాటు సాయంత్రానికి సీసా ఖాళీ చేసేదాకా వచ్చింది. నా భార్య కరుణ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఒకరోజు వంటగదిలో నిలబడి, "వారమంతా వార్డులో ఇలాంటి పేషెంట్లనే చూస్తున్నానండీ. ఇక మీదట పాప మీ కారెక్కదు. స్కూల్‌కి నేనే డ్రాప్ చేస్తాను" అంది. ఆ మాట విని కూడా నేను మారలేదంటే నా గుండె ఎంత మొద్దుబారిందో చూడండి.

అప్పుడు క్లాసులో ప్యూరిటన్ల గురించి చెబుతున్నాను. దేవుణ్ణి తమ మనస్సాక్షి ప్రకారం ఆరాధించుకోవాలని మూడున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు విడిచి, సముద్రం దాటి అమెరికా చేరిన విశ్వాసులు వాళ్లు. వాళ్లలో కాఠిన్యం ఉంది, తమతో ఏకీభవించనివాళ్లను వెళ్లగొట్టారు, అది దాచకూడదు. కానీ ఆడపిల్లలతో సహా ప్రతి బిడ్డా బైబిలు తానే చదువుకోవాలని పట్టుబట్టారు, ఆ చదువులోంచే తమ మనసును తామే పరీక్షించుకునే డైరీలు, సేద్యగాడికి కూడా అర్థమయ్యే ప్రసంగాలు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల పద్యాలు పుట్టాయి, వాళ్లు స్థిరపడిన ఆ వలస ప్రాంతాల తొలి సాహిత్యంలో చాలా భాగం అదే. సంఘంలో చేరాలంటే దేవుడు తనలో చేసిన కార్యాన్ని అందరి ముందూ చెప్పాలని కూడా వాళ్లలో చాలామంది నియమం పెట్టుకున్నారు. ఇదంతా గడగడా అప్పజెప్పేవాణ్ణి.

ఆ క్లాసులో మార్గరెట్ అని అరవై ఏళ్ల రైతు భార్య ఉండేది, పిల్లలు పెద్దవాళ్లయ్యాక చదువుకోవడానికి వచ్చింది. ఒకరోజు ఆవిడ, మీ కుటుంబంలో మొదట చదువుకున్నది ఎవరని ఆసక్తిగా అడిగింది. మా తాతముత్తాతలు పండితులని చెప్పాను. పచ్చి అబద్ధం.

మా ఇంట్లో మొదట చదువుకున్నది మా నాయనమ్మ మరియమ్మ. బాపట్ల దగ్గర పల్లెలో, ఊరికి ఎడంగా ఉన్న మా పేటలో పుట్టి, పరాయి పొలాల్లో నాట్లు వేసిన కూలి మనిషి. మావాళ్లను బడి గుమ్మం తొక్కనివ్వని కాలంలో, నలభై ఏళ్ల వయసులో, మిషను పంతులమ్మ దగ్గర యోహాను సువార్త మీద వేలు పెట్టుకుని అక్షరాలు నేర్చుకుంది, తర్వాత మా నాన్నకు తానే నేర్పింది. ఆమెను చెప్పుకోవడానికి సిగ్గుపడి ఇన్నేళ్లూ దాచాను.

ఆ రోజు క్లాసయ్యాక నా ఆఫీసు గది తలుపు వేసుకుని సీసా తీశాను, తాగలేకపోయాను. నేల మీద మోకరించాను. "ప్రభువా, నాయనమ్మ నేర్చిన అక్షరాల మీద బతుకుతూ ఆమెనే దాచిపెట్టాను. ఆ సిగ్గును తాగుడులో ముంచాలని చూశాను. నిజం చెప్పడానికి నాకు నోరియ్యి" అని ప్రార్థించాను.

మరుసటి క్లాసులో పుస్తకం తెరవకుండానే నిలబడి, "పోయిన వారం మీకు అబద్ధం చెప్పాను. మా ఇంట్లో మొదట చదివింది మా నాయనమ్మ. ఆమె కూలి మనిషి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. మార్గరెట్, ఆమె పేరు మీ భాషలో బోర్డు మీద రాయమంది. మరియమ్మ అని తెలుగులో రాశాను, ఆవిడ ఆ వంకర గీతలన్నీ ఓపికగా తన నోట్‌బుక్కులో దించుకుంది.

తాగుడు ఆ రోజే వదల్లేదు. కరుణకు అంతా చెప్పాను, ఆమే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, రెండు వారాలు చెమటలూ వణుకూ, ప్రార్థన కూటం సహోదరులు పని నుంచి నేరుగా వచ్చి వంతులవారీగా నా పక్కన కూర్చున్నారు. నెలలు గడిచాక ఒక ఉదయం కరుణ, "పాపను మీరే దింపండి, నాకు డ్యూటీకి లేటవుతోంది" అని స్కూలు సంచీ నా చేతికిచ్చింది. దేవునికే మహిమ, మూడేళ్లయింది, ఒక్క చుక్క ముట్టలేదు.

ఈ రోజు ఈ పెండిల్ హిల్ ప్రార్థన కూటంలో మీ ముందు గర్వంగా నిలబడ్డాను, ఆ గర్వం నా డిగ్రీల వల్ల కాదు, వాక్యం చదవడానికి అక్షరం పట్టుకున్న ఒక కూలి స్త్రీని దేవుడు మా ఇంటికి మొదటి గురువుగా చేశాడు గనుక. మీలో ఎవరైనా ఏదైనా దాచుకుని నలిగిపోతుంటే, ఆయనకు అది ముందే తెలుసు, తెలిసే మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు, ఆయన్ని నమ్మండి. కూటం అయ్యాక వెనక కుర్చీల్లో నేనూ కరుణా ఉంటాం, వచ్చి మా పక్కన కూర్చోండి.