చెంప మీది ప్లాస్టరు

మా వార్డులో నా చేతికి మంచి పేరు ఉండేది. నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెల్లో పెరిగే బిడ్డల ఒంటి మీంచి ప్లాస్టరు తీయాలంటే నన్నే పిలిచేవారు. ఆ బిడ్డల తోలు ఉల్లిపొర కంటే పలచన. వైరు నిలవాలన్నా, గొట్టం కదలకుండా ఉండాలన్నా ప్లాస్టరు అంటించక తప్పదు. తీసేటప్పుడు దాంతోపాటు తోలు లేచి రాకుండా చూసుకోవాలి. తడి దూదితో నానబెట్టాలి, ఆగాలి, అంచు మెల్లగా మడవాలి, రెండో చేతి వేలితో తోలు నొక్కిపెట్టాలి, మళ్లీ నానబెట్టాలి. కొత్తగా చేరిన నర్సులకు ఇదంతా నేర్పింది నేనే. తొందరపడిన అమ్మాయిలను కళ్లనీళ్లు పెట్టుకునేదాకా తిట్టేదాన్ని. ఆ తిట్లు గుర్తొస్తే ఇప్పుడు నా చెవులు నేనే మూసుకోవాలనిపిస్తుంది.

మాది సూలూరు పక్క. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. ఈ తెలుగు అక్షరాలు కూడా పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నవే. మదురై ఆసుపత్రిలో చేరాక మన మాట నాకు ఫోన్‌లో తప్ప వినబడేది కాదు. అందుకే ఆ మధ్యాహ్నం, బిడ్డలను చూసుకోవడానికి ఇంటివాళ్లను లోపలికి వదిలే పావుగంటలో, ఒక అవ్వ గాజుపెట్టె ముందు నిలబడి "ఇంత బిడ్డకి ఇన్ని వైర్లా, సామీ" అని తనలో తాను గొణుక్కుంటే, నా నోరు ఊరుకోలేదు. "అన్నీ వాడి మంచికే అవ్వా" అనేశాను.

"మనోళ్ళ పిల్లవా నువ్వు! ముందే చెప్పకూడదా కణ్ణు!" అని అవ్వ నా గడ్డం పట్టుకుంది. కణ్ణు అంటే తమిళంలో కన్ను, ముద్దుపిలుపు కూడా. ఎవరినీ తాకనివ్వని దాన్ని, వద్దనలేదు.

వాడిపట్టి ఊరి అవతల అవ్వ వాళ్లకు పత్తి, వేరుశనగ వేసే చేను ఉంది. కూతురికి రక్తపోటు పెరిగి, ముందుగానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కూతురు పై అంతస్తులో ఉంది, ఇంకా మంచం దిగలేదు. బిడ్డ పుట్టి ఆరు రోజులైనా మొహం చూడలేదు. అవ్వ చూసినా చూడనట్టే. కామెర్లకు పెట్టిన నీలం దీపం వెలుగు పడకుండా కళ్లకు కట్టిన పట్టీ, పాలగొట్టం ఊడకుండా చెంప నిండా ప్లాస్టరు.

"ఒక్క తూరి మొగం చూపియ్యమ్మా. నా కూతురు దినమూ అడుగుతాది, ఎవురి పోలికమ్మా అని. నేనేం చెప్పేది? ప్లాస్టరు పోలిక అనేదా?"

నాకు నవ్వొచ్చింది. మా అవ్వ బతికుంటే అచ్చం ఇలాగే అడిగేది. ఆ ప్లాస్టరు మర్నాడు ఎలాగూ మార్చాల్సిందే. ఇప్పుడే తీసి చిన్నది వేస్తే సరిపోతుందనుకున్నాను. గడియారం చూస్తే పావుగంటలో నాలుగు నిమిషాలు మిగిలాయి. నానబెట్టడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నా చేతి మీద నాకు అంత నమ్మకం. దూదితో ఒకసారి తడిపానంటే తడిపాను. కళ్లపట్టీ పైకి జరిపి, ప్లాస్టరు అంచు పట్టి లాగాను.

"అబ్బా, ఎంత అందంగా ఉండాడు!" అని అవ్వ అంటూ ఉండగానే తోలు వచ్చేసింది. చింతగింజంత మేర, చెంప మీద ఎర్రగా తేలింది. బిడ్డ నోరు తెరిచాడు. ఏడుపు పైకి రాలేదు, అంత బలం వాడికి లేదు.

అవ్వ తన నోటి మీద తానే కొట్టుకుంది. "పాడు కణ్ణు! నా కన్నే తగిలింది. అందంగా ఉండాడని నేనెందుకంటి?"

తడి దూది ఆ చెంప మీద అద్దాను. నా మాట తడబడకుండా వచ్చింది. "ఇట్లాంటి బిడ్డలకి తోలు ఇంకా ముదరదవ్వా. దానంతట అదే ఊడి వస్తాది."

"నా కన్నే కదమ్మా?"

కాదని ఒక్క మాట చాలు. దానికి బదులు నేనన్నది ఇది: "కొన్ని దినాలు చూడకుండా ఉండవ్వా. మానిపోతాది."

ఎందుకన్నానో నాకు తెలుసు. అవ్వ మళ్లీ లోపలికి వస్తే, ఎవరితోనైనా "నర్సమ్మ మొగం చూపిద్దామని తీసింది" అంటుందని భయం. డాక్టరుతో తమిళంలో, మార్చే వేళయిందని తీశానని చెప్పాను. రికార్డులో ఇంగ్లీషులో అదే రాశాను. అవ్వకు మన మాటలో చెప్పాను. నేను నేర్చిన మూడు భాషలూ ఆ రోజు అబద్ధానికే పనికొచ్చాయి. "నీ చేతిలోనే ఇలా అయిందంటే పాపం ఆ తోలు ఎంత లేతదో" అని పెద్ద నర్సు నన్నే ఓదార్చింది. తలూపాను.

అవ్వ నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. రోజూ కూతురి పాలు చిన్న సీసాలో పట్టుకుని వచ్చేది. తలుపు సందులోంచి చెయ్యి మాత్రం లోపలికి చాచి, మొహం గోడవైపు తిప్పుకుని, "తోలు కట్టిందా కణ్ణు?" అని అడిగేది. "కడుతా ఉండాదవ్వా" అనేదాన్ని. ఆ సీసా అందుకున్న ప్రతిసారీ, ఈ రోజు చెప్పేస్తాను అనుకునేదాన్ని. పాలు గొట్టంలో పోసేసరికి, రేపు అనుకునేదాన్ని. పుండు మానింది, తెల్లటి మచ్చ మిగిలింది, కూతురు నడిచి కిందికి వచ్చి బిడ్డను గుండెకు హత్తుకుంది. అవ్వ మాత్రం గోడనే చూస్తూ ఉంది.

ఇంటికి పంపే రోజు కూతురు నాతో అంది: "అమ్మ ఎత్తుకోనంటాది అక్కా. నా కన్ను మంచిది కాదంటాది. ఇంటికి పోయినా ఇంతేనంట, పక్కింట్లో పండుకుంటాదంట."

ఇక ఆగలేకపోయాను. వరండా చివర ఒంటరిగా నిలబడ్డ అవ్వ దగ్గరికి వెళ్లాను. "అవ్వా, నీ కన్ను కాదు, నా చెయ్యి. నానబెట్టకుండా తొందరగా లాగినాను, అందుకే తోలు వచ్చింది. తప్పు నాది. అప్పుడే చెప్పాల్సింది, భయపడినాను."

అవ్వ నన్ను ఎంతో ప్రేమగా చూసింది. నా గడ్డం పట్టుకుంది.

"నా మనసు నొవ్వకూడదని నీ తలమీద వేసుకుంటా ఉండావు. మనోళ్ళ పిల్ల కాకపోతే ఎవురు కణ్ణు ఇట్లా చెప్పేది?"

"లేదవ్వా, నిజంగానే..."

"చాల్లే, ఊరుకో" అని వేరుశనగల సంచి నా చేతిలో పెట్టింది. "మన చేనివే."

గట్టిగా ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. డాక్టరును పిలిచి, ఆయన ముందు ఒప్పుకుని, రాసింది కొట్టేసి ఉంటే అవ్వ నమ్మేది. పిలవలేదు. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేసేది అనుకున్నాను, నా ఉద్యోగం నాకు మిగిలిందని లోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా. తోలు లేచిపోయినందుకన్నా ఆ ఊపిరికి నాకు ఎక్కువ సిగ్గు.

కారులో కూతురు బిడ్డతో వెనక కూర్చుంది. వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేకుండా అవ్వ ముందు సీటు ఎక్కింది. అద్దం దించి నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు దినమూ చూసినావు కదా. ఎవురి పోలిక కణ్ణు?"

అవ్వ నుదురు చూశాను, గడ్డం చూశాను.

"నీ పోలికే అవ్వా" అన్నాను. అది మాత్రం నిజం.

అవ్వ రోడ్డువైపే చూస్తూ, తన గడ్డం ఒకసారి తడుముకుంది.