కట్టుబాటు ఎత్తిన రోజు

మా తిరుపతి జిల్లాకి సముద్రం ఉందంటే పుత్తూరులో మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. జిల్లాలు మార్చినప్పుడు వచ్చి కలిసిన సముద్రం అది. పంచాయతీ కార్యదర్శిగా నన్ను ఆ ఒడ్డున ఉన్న ఊరికి వేసేదాకా నేనూ నవ్వినవాడినే. చేపల వాసనకి మొదటి నెల అన్నం సయించలేదు. తర్వాత ఆ ఊరు నాకు అలవాటైంది, నేను ఆ ఊరికి అలవాటయ్యాను. అంతకు మించి చెబితే గొప్పలు పోయినట్టవుతుంది.

ఊరికి ఎదురుగా సముద్రంలో చమురు బావులు తవ్వుతారని ఒక కాగితం వచ్చింది, దాంతోపాటు తవ్వే చోటు చుట్టూ ఎర్ర గీత గీసిన ఒక మ్యాపు. ఆ మ్యాపును పెద్దకాపు ముందు పరిచాను. పెద్దకాపు అంటే ఆ చేపల వేటగాళ్ల ఊరికి పెద్ద. సర్పంచి వేరు, ఆయన వేరు. చదువు రాదు. ఏ దిక్కు ఏదో నన్ను అడిగి తెలుసుకుని, రొయ్యలు ఎక్కడ పడతాయో, వంజరం ఎక్కడ పడుతుందో వేలితో చూపించాడు. వాళ్ల వేటంతా ఆ ఎర్ర గీత లోపలే ఉంది.

మా ఊరి ఎదుట తవ్వకం వద్దని పంచాయతీ తీర్మానం చేశాం. నేనే రాశాను. నా సర్వీసులో రాసినవన్నీ వీధిదీపాలు, మురుగు కాలవలు, కుక్కల బెడద. రెండుసార్లు చించి మళ్లీ రాసింది ఇదొక్కటే. సర్పంచి సంతకం పెట్టి, ఇది పని చేస్తుందా అని అడిగింది. చేస్తుందన్నాను. జనం మాట వినడానికి మండల ఆఫీసు దగ్గర సభ పెడతారు, ఊరంతా వచ్చి వద్దంటే రాసుకోక తప్పదన్నాను. అంత ధీమాగా ఎలా చెప్పానో!

ఊరంతా కదలాలంటే అక్కడ ఒకటే దారి, కట్టుబాటు. పెద్దకాపు కట్టుబాటు వేస్తే, దాన్ని ఎత్తేదాకా ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు. సభకి ముందురోజే కట్టుబాటు పడింది. సభ వాయిదా పడింది. మళ్లీ తేదీ ఇచ్చారు, మళ్లీ పడవలు ఆగాయి, మళ్లీ వాయిదా. మూడోసారి రేపు, ఎల్లుండి అంటూ రోజుకో కాగితం పంపి వారం లాగారు. ఆ వారం కొన్ని ఇళ్లలో ఒంటిపూటే పొయ్యి వెలిగింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ వారం చివర ఒక సాయంత్రం మండల ఆఫీసు నుంచి అని ఎవరో ఫోన్ చేసి, రేపు కూడా సభ లేదన్నారు. కాగితం లేనిదే చెత్తబండిని కూడా కదలనివ్వని మనిషిని నేను. ఆ రోజు కాగితం అడగలేదు. ఒడ్డున ఊరికే పడి ఉన్న పడవల్ని చూడలేక, ఆ మాట వినాలని నాకే ఉంది. పరుగున పోయి పెద్దకాపుకి చెప్పాను. కాగితం వచ్చిందా అని ఆయనా అడగలేదు.

"మీరు చెప్తే సాలు సారూ" అని కట్టుబాటు ఎత్తేశాడు.

తెల్లవారేసరికి పడవలన్నీ వెళ్లిపోయాయి. పదింటికి మండల ఆఫీసు నుంచి మళ్లీ ఫోన్. సభ మొదలవుతోంది, మీ ఊరివాళ్లు ఎక్కడ అని. నిన్నటి ఫోన్ సంగతి అడిగితే, ఇక్కడి నుంచి ఎవరూ చేయలేదన్నారు. అది పొరపాటో, కావాలని చేసిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినా ఒరిగేదేమీ లేదు.

ఊళ్లో ఉన్న ఆడవాళ్లని పదిమందిని ఆటోల్లో ఎక్కించుకుని సర్పంచి వచ్చింది. షామియానా కింద వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు. పెద్ద ఆఫీసరు మర్యాదస్తుడే. తీర్మానం మొత్తం విని, పంచాయతీ హద్దు ఒడ్డుతో సరి, సముద్రం మీ పరిధిలోకి రాదమ్మా అని నెమ్మదిగా చెప్పాడు. సర్పంచి కూర్చోలేదు.

"మా ఊరు ఒడ్డుతో అయిపోతే, మా మొగోళ్లు దినామూ పోయేది యాడికి సారూ?"

ఆయన హాజరు పట్టీ ఆమె ముందుకు జరిపాడు. పడవల లైసెన్సులు మగవాళ్ల పేరు మీద ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లని వేటగాళ్ల కింద రాసుకోలేదు. వేటగాళ్లు ఎవరూ హాజరు కాలేదు, వారి నుంచి అభ్యంతరాలు లేవు అని నా కళ్లముందే రాశారు. నేను వెనక వరసలో నిలబడి ఉన్నాను. ఫోన్ సంగతి అందరి ముందూ చెప్పాల్సింది. రాతపూర్వకంగా ఏమైనా ఉందా అని అడుగుతారని భయపడ్డాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను జనాన్ని అడుగుతున్న ప్రశ్నే అది. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం మేము ఒడ్డుకి వెళ్లేసరికి పడవలు తిరిగి వస్తున్నాయి. వారంగా వల పడని నీళ్లు కదా, బుట్టలు నిండాయి. ఎన్నాళ్లకో అక్కడ నవ్వులు వినిపించాయి. కట్టుబాటు ఎత్తే కబురు తెచ్చినవాళ్లకి మొదటి వాటా ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ. పెద్దకాపు మోకాళ్ల లోతు నీళ్లలోంచి నడిచి వచ్చి, రెండు పెద్ద వంజరాలు తాడుకి గుచ్చి నా చేతికిచ్చాడు.

"మీరు చెప్పబట్టే పోయినాం సారూ. ఈ పొద్దు బిడ్డలు కడుపు నిండా తింటారు."

సర్పంచి మొహం పక్కకి తిప్పుకుంది. చెప్పాల్సింది నేనే. ఆ చేపలు చేత్తో పట్టుకునే అంతా చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, బుట్టలు దించుతున్న మనుషుల్ని, వాళ్ల వెనక సముద్రాన్ని చూస్తూ నిలబడిపోయాడు. నేను చేపలు తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. ఇచ్చిన వాటా వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్లో లేదు.