పదిహేడో షరతు

ఆఫీసులో అతన్ని అందరూ రుజువుల మాస్టారనేవారు. ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు చుక్కచుక్కగా ఎక్కించే పంపు ఉంటుంది కదా, దాన్ని నడిపే ప్రోగ్రాము ఎన్నటికీ తప్పు చేయదని లెక్క కట్టి నిరూపించడం అతని పని. వెయ్యిసార్లు నడిపి చూసి బాగుందనుకోవడం కాదు, ఎవరు ఎలా వాడినా ప్రమాదం లేదని మెట్టుమెట్టుగా రాసి చూపాలి. అందుకు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ పిచ్చి ఎంతదాకా వెళ్లిందంటే, భార్య "ఉప్పు సరిపోయిందా?" అంటే "ఏ షరతుల మీద?" అనేవాడు.

అతని అక్క నర్సు. వచ్చిందంటే కాలింగ్ బెల్ గబగబా రెండుసార్లు మోగాల్సిందే. "చెవుడు లేదు లేవే!" అని ఇతను ఆటపట్టించేవాడు.

అక్క వార్డులోనే ఒకావిడ చనిపోయింది. ఆ పంపులోంచే మందు రెండింతలు వెళ్లింది. విచారణలో పంపు కంపెనీ ఈ తమ్ముడి రుజువునే బల్ల మీద పెట్టింది. పంపు తప్పు చేయదు, కాబట్టి తప్పు నర్సుదే! ఎంత సులువో చూడండి.

"నిజం చెప్పక్కా, ఏం చేశావు?"

"రోజూ చేసేదేరా. గ్లవ్సు చేతికి మందు వదిలే ఆ బటన్ ఒక్క నొక్కుకి పట్టదు. మేమందరం టకటకా రెండుసార్లు నొక్కుతాం. ఆ రోజు రెండు నొక్కులూ పట్టినట్టున్నాయి."

అతను వెంటనే ఆఫీసుకు పరుగెత్తి రుజువు తెరిచాడు. మొదట్లో షరతుల పట్టీ ఉంది. పదిహేడోది: 'అర సెకను లోపు బటన్ మళ్లీ నొక్కరు.' రెండో ఏడు ఒక మెట్టు ఎంతకీ తెగకపోతే, ప్రస్తుతానికి ఇలా అనుకుందాం, తర్వాత తీసేద్దాం అని తనే రాసుకున్నాడు. రుజువు పూర్తయింది, షరతు మరుపున పడింది. అయ్యో, సొంత అక్కే నర్సయ్యుండి ఒక్క మాట అడగలేదే! సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు విచారణాధికారి ముందు నిలబడి అంతా చెప్పేశాడు.

"అయితే మీ రుజువు తప్పంటారా?"

"రుజువు తప్పు కాదండీ, షరతే తప్పు. ఎవరైనా రెండుసార్లు నొక్కుతారు."

"ఆ షరతు మాన్యువల్లో ఉందా?"

అబద్ధం నోట రాని మనిషి. "ఉందండీ. షరతులన్నీ అందులో అచ్చేశారు, నూటనలభయ్యో పేజీలో."

"అంటే నిబంధన ఉంది, ఆవిడ మీరింది." అధికారి రాసుకున్నాడు. కాపాడబోయి తన చేతులతోనే అక్క మెడకు ఉరి బిగించాడు. వారం తిరక్కుండా ఆమె ఉద్యోగం ఊడింది. రుజువు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ ఆదివారం బెల్ ఒక్కసారి మోగింది. అక్క కాదులే అనుకుని అతను లేవలేదు. చాలాసేపటికి పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే, మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది.

"మళ్లీ నొక్కొచ్చు కదక్కా!"

"భయమేసిందిరా," అంది.