పి-యున్ కత్తెర వెళ్ళని చోటు

తైనాన్ నగరంలో మా సందు మలుపున ఉన్న సెలూన్ పి-యున్‌ది. నడుం దాకా జుట్టు పెంచుకుని వచ్చి, అద్దం ముందు బిక్కమొహం వేసే ఆడపిల్లలకు ఆమె చెప్పేది ఒకటే మాట. "ఎండిన కొసలు ఎందుకమ్మా నీకు? కోస్తేనే కదా బాగా పెరిగేది." ఆ మాట పూర్తయ్యేలోపే జడ కింద పడుతుంది.

అలాంటి మనిషి కొట్లో, గల్లాపెట్టె పక్కన, ఒక ఆర్కిడ్ కాడ పూలన్నీ రాలిపోయి నెలల తరబడి బోడిగా నిలబడింది. కొట్టు తెరిచిన రోజున ఆమె గురువు కిమ్-కీ పంపిన మొక్క అది. కుండీకి ఎర్ర రిబ్బను, దాని మీద ఆవిడ పేరు. ముసలావిడ తన దుకాణం మూసేసి, తన దగ్గరకొచ్చే ఆడవాళ్ళందరినీ ఇక పి-యున్ దగ్గరకే వెళ్ళమంది. ఆ రిబ్బను చూసే వాళ్ళు ధైర్యంగా తల అప్పగించారు. కాడ కోస్తే ఆ కలిసొచ్చిన కాలం కూడా తెగిపోతుందని పి-యున్ భయం. పక్కన చేపల గంజి అమ్మే అ-హోక్ కోసెయ్యమని పోరితే, ముందు నీ గంజి అడుగంటకుండా చూసుకో అంది.

ఇంతలో కిమ్-కీ తలకు రంగు వేయించుకోవడానికి వస్తున్నానని ఫోన్ చేసింది. పి-యున్ బజారుకు పరిగెత్తి, తెల్లటి గుడ్డపూలు తెచ్చి సన్నటి తీగతో కాడకు కట్టింది. నిజమనిపించడానికి వాటి మీద నీళ్ళు కూడా చిలకరించింది.

కిమ్-కీ వచ్చింది, కూర్చుంది, చల్లటి బూడిదగుమ్మడి టీ తాగింది. తలకు రంగు పట్టించుకుంది. తర్వాత అద్దంలోంచే అడిగింది.

"ఏమే, పూలకు ధర చీటీ తియ్యడం మర్చిపోయావా?"

పి-యున్ దువ్వెన పక్కన పెట్టింది. ఇక దాచి లాభం లేక, తన భయమంతా చెప్పేసింది.

"నా శిష్యురాలివై ఉండి మొక్కకు విగ్గు పెట్టావా?" ముసలావిడ రంగు తలతోనే లేచి కుండీ దగ్గరకు వెళ్ళింది. "పైన ఎండింది గానీ కింద పచ్చగానే ఉంది. కత్తెర పట్టుకురా."

"మీరే కొయ్యండి గురువుగారూ."

"నా దుకాణం మూశాను. ఇది నీ కొట్టు."

మొక్కకు తెగులు అంటకుండా పి-యున్ కత్తెర అంచును లైటర్ మంటకు చూపించి, చల్లారనిచ్చి, కింది నుంచి రెండో కణుపుకు కాస్త పైన ఆనించింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"కళ్ళు తెరువే. పని నేర్చుకునే మొదట్లో నువ్వు నా చెవి కోసింది కూడా ఇలాగే."

కాడ తెగింది. తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళూ ఒకప్పుడు కిమ్-కీ దగ్గరకు వెళ్ళినవాళ్ళే; పి-యున్ భయపడినట్టు లేచి వెళ్ళిపోలేదు. వాళ్ళలో ఒకామె, ఈసారి నాకూ ఇంకాస్త పొట్టిగా కొయ్యి అంది.

కిమ్-కీ గుడ్డపూలు పారెయ్యనివ్వలేదు. ఒకటి కొత్త రంగు జుట్టులో దోపుకుని అ-హోక్ దగ్గరకు గంజి తాగడానికి వెళ్ళింది.

ఎండలు తగ్గేసరికి ఆ కణుపు పక్కనుంచి చిన్న కొమ్మ, కొమ్మ చివర మొగ్గలు వచ్చాయి. ఇప్పుడు పి-యున్ వచ్చినవాళ్ళందరినీ కుండీ దగ్గరకు లాక్కెళుతోంది.

"గుడ్డ కాదు, ముట్టుకుని చూడండి."