దుప్పటి అంచు పట్టుకునే చెయ్యి

శకుంతలమ్మ పదకొండేళ్లు ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో నర్సుగా చేసింది. మోకాళ్లు అరిగాక, జూబ్లీ హిల్స్‌లో పక్షవాతంతో మంచాన పడ్డ శారదాదేవిని చూసుకునే పనికి కుదిరింది. మోతీనగర్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది.

"చదివిన చదువంతా బెడ్‌పాన్ పాలు చేసినవ్ గదనే! ముసలమ్మకు అన్నం తినిపిచ్చుడు గూడ నర్సింగేనా?" అని పాత ఆసుపత్రి స్నేహితురాలు నవత ఎగతాళి చేసేది.

మొదట్లో శకుంతలమ్మకూ అలాగే అనిపించేది. ఐసీయూలో మంచాలకు నంబర్లుండేవి. నాలుగో రోజుకు మనిషి వార్డుకైనా వెళ్లేది, మార్చురీకైనా వెళ్లేది. పేరుతో పని లేదు. ఇక్కడ ఐదేళ్లూ ఒక్క మనిషే. ఆవిడకు మాట పడిపోయింది, కుడివైపు చచ్చుబడింది. దుప్పట్లన్నీ ఎడమ అంచునే ఎందుకు చిరుగుతున్నాయో తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఒళ్లు నొప్పెడితే, పక్కకు తిప్పమని, శారదాదేవి ఎడమ చేత్తో అంచు పట్టి లాగేది. తిప్పగానే వదిలేసేది. అన్నేళ్లలో వీపున ఒక్క పుండు లేవలేదు.

ఆ వానాకాలం ఆవిడకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. కొడుకు రిత్విక్ మాదాపూర్లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసు నుంచి పరుగున వచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. ఐసీయూలోకి ఒక్కరినే, అదీ ఐదు నిమిషాలే. శకుంతలమ్మ బయట కూర్చుంది.

రిత్విక్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మ ట్యూబులు పీకేసుకుంటోందటండీ. చెయ్యి మంచానికి కట్టేశారు."

"పీకుతలేదు బాబూ! తిప్పుమంటున్నది."

సాయంత్రం అతను లోపలికెళ్లే తన పాసు శకుంతలమ్మకే ఇచ్చేశాడు.

"మీరేమైతరు?" అంది లోపలి నర్సు హిమజ.

"ఐదేండ్ల సంది ఆమె నర్సును. జర గా కట్టు విప్పు బిడ్డా. దుప్పటి గుంజితే తిప్పుమని."

"ఆరుగురిని ఒక్కదాన్నే చూస్తున్న అక్కా. గొట్టం ఊడితే నా నౌకరీ వోతది."

శకుంతలమ్మకు కోపం రాలేదు. తానూ అలాంటి ముడులు ఎన్ని వేసిందో! ఆ చేతులు ఏమడిగాయో అప్పుడు ఒక్కసారీ తోచలేదు.

"గొట్టం నేను పట్టుకుంట, ఒక్కపారి విప్పి చూడు బిడ్డా" అంది. ఇద్దరూ కలిసి కట్టు విప్పి, ఆవిడను పక్కకు తిప్పారు. అంచు వెతుక్కుంటున్న వేళ్లు ఊరుకున్నాయి. హిమజ అది చూసింది.

"నిజమే అక్కా. విప్పే ఉంచుత."

మర్నాడు పొద్దున్నే శారదాదేవి పోయింది. డ్యూటీకి అప్పుడే వచ్చిన హిమజ తల వంచుకుంది. "నేనున్నంతసేపు కట్టలే అక్కా. తర్వాతోళ్లకు గూడ చెప్పిన."

"మంచిగ చేసినవ్ బిడ్డా."

ఇంట్లో స్నానం చేయించేటప్పుడు శకుంతలమ్మ ముందుగా ఎడమ చెయ్యి పట్టుకుంది. నిన్న సాయంత్రం విప్పినప్పుడు లేని గుర్తు, మణికట్టు చుట్టూ కట్టు ఒరుసుకుని, కొత్తగా, ఎర్రగా ఉంది. రిత్విక్ చూడకముందే, ఆవిడకు కట్టిన కొత్త చీర చెంగు దాని మీదికి లాగింది.